ఊరివాళ్ళు ఆడే నాటకం

పగలు బడిలో పాఠం చెప్పిన మాస్టారు రాత్రికి కర్ణుడవుతారు. పగలంతా దుకాణంలో పప్పు, ఉప్పు తూచిన మనిషి రాత్రికి దుర్యోధనుడై నిండుసభలో మీసం మెలివేస్తాడు. ఆఫీసులో ఫైళ్ళు రాసిన గుమాస్తా శ్రీకృష్ణుడై రాయబారానికి బయలుదేరతాడు. తెల్లవారితే మళ్ళీ ఎవరి పని వారిది. కిరీటం పెట్టెలోకి వెళుతుంది. చేతిసంచి భుజానికి ఎక్కుతుంది.

ఇలా బతుకుతెరువుకు వేరే పని చేసుకుంటూ, ఇష్టంకొద్దీ నాటకాలు ఆడేవారిని ఔత్సాహిక నటులు అంటారు. వారందరూ కలిసి ఏర్పరచుకొన్న సంఘమే ఔత్సాహిక నాటక సమాజం. ఇందులో ఎవరికీ జీతం ఉండదు. చాలాసార్లు నటుల చేతి డబ్బే ఖర్చవుతుంది.

నాటకమే జీవనాధారంగా బతికేవారు వేరే ఉన్నారు. వారు వృత్తి నటులు. 1885లో కడప ప్రాంతంలోని సురభి గ్రామంలో పుట్టిన సురభి నాటక సమాజం ఇందుకు మంచి ఉదాహరణ. ఆ కుటుంబాలవారు తరతరాలుగా నాటకాన్నే నమ్ముకొన్నారు. ఊరూరా తిరిగి, పాకలు వేసుకొని ప్రదర్శనలు ఇచ్చారు. వృత్తి నటులు నాటకాన్ని మన ఊరికి తీసుకువస్తారు. ఔత్సాహికులు మన ఊళ్ళోనే నాటకాన్ని పుట్టిస్తారు. ఈ పాఠం రెండోవారి గురించి.

ఇలాంటి నాటకం ఎలా తయారవుతుందో, దాన్ని చూడడంలో ఉన్న ఆనందమేమిటో తెలుసుకోవాలంటే ఒక ఊరికి వెళ్ళాలి. ఆ ఊరు మెట్టకూరు. యానాం ప్రాంతంలోని పల్లెల్లో అది ఒకటి. యానాం గౌతమీ గోదావరి ఒడ్డున ఉంది. దాని వైశాల్యం సుమారు 30 చదరపు కిలోమీటర్లు మాత్రమే. 1954 వరకు అక్కడ ఫ్రెంచివారి పాలన సాగింది. ఇప్పుడు అది పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో భాగం. రాజధాని పుదుచ్చేరి 800 కిలోమీటర్లకు పైగా దూరాన, తమిళనాడు పక్కన ఉంది. చుట్టూ ఉన్న ఊళ్ళన్నీ ఆంధ్రప్రదేశ్‌వి. యానాం మాత్రం ఆంధ్రప్రదేశ్‌లో లేదు. అయినా అక్కడివారి ఇంటి భాష, సంత భాష, పాట భాష తెలుగే. రాష్ట్రం ఏదైనా నాలుక మీద భాష నిలుస్తుందనడానికి యానాం ఒక సాక్ష్యం.

మెట్టకూరులో పండుగ పూట ఊరివాళ్ళే ఒక ప్రదర్శన ఏర్పాటు చేశారని అనుకుందాం. ముందుగా గంటసేపు ఒక సాంఘిక నాటిక. ఆ తరువాత పద్యనాటకం నుంచి రాయబార ఘట్టం. గోదావరి పల్లెల్లో ఇలాంటి రాత్రి ఎలా నడుస్తుందో మొదటినుంచి చూద్దాం.

తెర ఎత్తిన రాత్రి నాటకం మొదలవుతుందని చూసేవారు అనుకుంటారు. నిజానికి అది మొదలై అప్పటికి నెలకు పైగా అవుతుంది. మొదట కథను ఎంచుకోవాలి. ఎన్ని పాత్రలు ఉన్నాయి, ఎంతమంది నటులు ఉన్నారు, అని లెక్క చూసుకోవాలి. ఎవరి గొంతుకు ఏ పాత్ర నప్పుతుందో దర్శకుడు నిర్ణయిస్తాడు. తరువాత ప్రతి నటుడూ తన మాటలను ఒక నోటుబుక్కులో రాసుకొంటాడు. చేతితో రాస్తే త్వరగా నోటికి వస్తుందని పాతవారి నమ్మకం.

ఆ తరువాత రిహార్సళ్ళు. ఇవి రాత్రి భోజనాల వేళకు మొదలవుతాయి. పగలు ఎవరికీ తీరదు కదా! బడి వరండాలోనో, గుడి మండపంలోనో, ఒకరి ఇంటి అరుగు మీదనో అందరూ చేరతారు. ఒకరు ఆలస్యంగా వస్తారు. మరొకరు మాట మరిచిపోతారు. ఇంకొకరికి నవ్వు ఆగదు. దర్శకుడు కోప్పడతాడు, మళ్ళీ బతిమాలుతాడు. జీతం ఇవ్వని చోట గట్టిగా కోప్పడే హక్కు కూడా తక్కువే.

ఒక చిన్న లెక్క వేసి చూడండి. నాటికలో ఆరు పాత్రలు. రోజుకు రెండు గంటల చొప్పున 40 రాత్రులు రిహార్సల్ చేశారనుకుందాం. ఒక్కొక్కరికి 80 గంటలు. ఆరుగురికి కలిపి 480 గంటలు. చూసేవారికి కనిపించేది ఒక్క గంట. ఆ గంట వెనుక ఇంత కాలం దాగి ఉంటుంది. ఆ కాలమంతా వారు తమ నిద్రలో నుంచి, తమ విశ్రాంతిలో నుంచి తీసి ఇచ్చినదే.

నటులతోనే పని తీరదు. తెరలు కావాలి. దుస్తులు, కిరీటాలు, గదలు, టోపాలు కావాలి. టోపా అంటే నటుడు తలకు పెట్టుకొనే కృత్రిమమైన జుట్టు. వీటిని అద్దెకు ఇచ్చేవారు పట్నాల్లో ఉంటారు. మైకు కావాలి, దీపాలు కావాలి. పద్యనాటకానికి హార్మోనియం, తబలా వాయించేవారు తప్పనిసరి. అందుకని సమాజంవారు ఇల్లిల్లూ తిరిగి చందాలు పోగుచేస్తారు. డబ్బు ఇవ్వలేనివారు మరొక విధంగా సాయపడతారు. ఒకరు వెదుళ్ళు ఇస్తారు. ఒకరు చెక్కబల్లలు ఇస్తారు. వడ్రంగి కూలి అడగకుండా వేదిక బిగిస్తాడు. కుర్రాళ్ళు గోతులు తవ్వి రాటలు పాతుతారు. ఒక ఇల్లాలు నటులందరికీ ఆ రాత్రి అన్నం పెడుతుంది. వేదిక మీద కనిపించేవారు పదిమందైతే, కనిపించకుండా పనిచేసేవారు ఇరవైమంది ఉంటారు.

ప్రదర్శన రోజు వచ్చింది. పొద్దు వాలగానే పిల్లలు చాపలు పట్టుకొని వచ్చి ముందువరసలో చోటు పట్టుకొంటారు. గోనెపట్టాలు, పాత దుప్పట్లు పరుచుకొని ఆడవాళ్ళు ఒకవైపు, మగవాళ్ళు ఒకవైపు కూర్చుంటారు. పెద్దవారికి కుర్చీలు వేస్తారు. పందిరి అంచున వేయించిన వేరుశనగలు, మిరపకాయ బజ్జీలు, టీ అమ్మేవారు దీపాలు పెట్టుకొంటారు. గోదావరి వైపునుంచి గాలి వీస్తూ ఉంటుంది. మైకులో ఎవరో “హలో, హలో, మైక్ టెస్టింగ్” అంటూ ఉంటారు.

తెర వెనుక మరో లోకం. నేల మీద చాప, గోడకు ఆనించిన అద్దం, పక్కన రంగుల పెట్టె. వెనకటి రోజుల్లో ముఖానికి అర్దళం పూసేవారు. అది పసుపురంగు ఖనిజం. ఇప్పుడు దుకాణాల్లో దొరికే మేకప్ రంగులు వాడుతున్నారు. మేకప్ చేసే ఆయన ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి కనుబొమలు దిద్దుతాడు, మీసాలు అంటిస్తాడు. అంతవరకు పక్కింటి బాబాయిగా ఉన్న మనిషి అద్దంలో తనను తాను చూసుకొని లేచేసరికి నడక మారిపోతుంది. తెర సందులోనుంచి తొంగిచూసే పిల్లలు ఆ మార్పును కళ్ళారా చూస్తారు. వారిలో ఒకడు ధైర్యం చేసి, “ఏమండీ మాస్టారూ, కర్ణుడు మీరేనాండీ?” అంటాడు. కర్ణుడు జవాబు చెప్పడు. అప్పటికే ఆయన మాస్టారు కాదు.

కొబ్బరికాయ కొట్టి, తెరకు హారతి ఇచ్చి, నటులందరూ కలిసి ప్రార్థన పాడతారు. ఇది చాలా నాటక సమాజాల్లో నేటికీ ఉన్న ఆచారం. ప్రార్థన కాగానే ఊరంతా నిశ్శబ్దమవుతుంది. తెర లేస్తుంది.

మొదటి నాటిక ఆ ఊరి కథే అనుకుందాం. యానాం దగ్గర గోదావరి మీద 2002లో వంతెన ప్రారంభమైంది. అవతలి ఒడ్డున ఎదుర్లంక ఉంది. వంతెన రాకముందు జనం పంటు మీద ఏరు దాటేవారు. నాటికలో ఒక ముసలి పడవ సరంగు ఉన్నాడు. వంతెన వచ్చింది, ఊరికి మేలు జరిగింది, అతని పని మాత్రం పోయింది. కొడుకు వంతెన మీద మోటారుసైకిలు నడుపుతూ సంతోషిస్తున్నాడు. తండ్రి వంతెన కింద కట్టేసిన పడవలో కూర్చున్నాడు. ఇద్దరిలో ఎవరిది న్యాయం?

ఈ ప్రశ్నకు నాటిక జవాబు చెప్పకపోవచ్చు. చూసేవారు మాత్రం దాన్ని ఇంటికి మోసుకుపోతారు. ఎందుకంటే ఆ ప్రేక్షకుల్లోనే ఒకనాడు పంటు మీద పనిచేసినవారు ఉండవచ్చు. వారి పిల్లలు, మనుమలు ఉండవచ్చు. పెద్ద పట్నంలో తీసే సినిమా మెట్టకూరు రేవు కథ చెప్పదు. చెప్పినా అందరికీ పనికివచ్చేలాగా మార్చి చెబుతుంది. ఊరి నాటకం ఊరి మాటలోనే ఊరి కథ చెబుతుంది. సరంగు “ఏటోరా అబ్బాయ్, ఏరు నన్ను మరిచిపోయింది” అంటే, ఆ యాస విన్న చోటే గుండెకు తాకుతుంది.

రెండోది రాయబారం. పాండవుల తరఫున శ్రీకృష్ణుడు కౌరవసభకు వెళ్ళి యుద్ధం వద్దని చెప్పే ఘట్టం ఇది. ఈ ఘట్టంలోని పద్యాలు తిరుపతి వేంకట కవులు రాసిన పాండవోద్యోగ విజయాలు అనే నాటకాల్లోనివి. దివాకర్ల తిరుపతిశాస్త్రి, చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి అనే ఇద్దరు కవులు కలిసి ఆ పేరుతో రచనలు చేశారు. వీరిలో 1870లో పుట్టిన చెళ్ళపిళ్ళవారి బాల్యం, చదువు కొంతకాలం యానాంలోనే సాగాయి. అంటే ఈ వీధుల్లో తిరిగిన పిల్లవాడు పెద్దవాడై రాసిన పద్యాలు తెలుగునేలంతా తిరిగి మళ్ళీ ఈ పందిరి కిందికి వచ్చాయన్నమాట.

పద్యనాటకాన్ని చూడడానికి వెళ్ళాం అనడం కన్నా వినడానికి వెళ్ళాం అనడం సరైన మాట. నటుడు ముందుగా పద్యం భావాన్ని మాటల్లో సూచిస్తాడు. హార్మోనియం శ్రుతి అందిస్తుంది. అప్పుడు పద్యం ఎత్తుకొంటాడు. మాట స్పష్టంగా వినిపించేటట్టు పాదాలు విరుస్తాడు. చివర రాగాన్ని సాగదీస్తాడు. ఆ రాగం సాగుతున్నంతసేపూ ప్రేక్షకులు ఊపిరి బిగపడతారు. అది ముగియగానే ఈలలు, చప్పట్లు. “వన్స్‌మోర్!” అని కేకలు. నటుడు నవ్వకుండా, పాత్ర విడవకుండా, అదే పద్యం మళ్ళీ పాడతాడు. కథ ఒక నిమిషం ఆగుతుంది. ఎవరికీ అభ్యంతరం లేదు. కథ అందరికీ తెలిసిందే. పద్యమే కావాలి.

ఆ పందిరిలో బడి ముఖం చూడని వృద్ధులు ఎందరో ఉంటారు. వారికి అక్షరాలు రావు. అయినా నటుడు ఒక పాదం ఎత్తుకోగానే తరువాతి పాదం వారి పెదవుల మీద కదులుతుంది. పుస్తకం లేకుండా కవిత్వం ఊళ్ళో బతికింది ఇలాగే. నాటకం చాలామందికి బడి, గ్రంథాలయం కూడా అయింది.

ఈ నాటకాల్లో మరో వింత ఉంది. ఒకే నాటకంలో ఇద్దరు ముగ్గురు కృష్ణులు కనిపించవచ్చు! పెద్ద నాటకాన్ని రాత్రంతా ఆడేటప్పుడు ఒక అంకంలో ఒకరు, మరో అంకంలో మరొకరు అదే వేషం వేస్తారు. వారిని ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు అని పిలుస్తారు. ఏ కృష్ణుడు బాగా పాడాడు అన్న చర్చ మర్నాడు టీ దుకాణంలో సాగుతుంది.

కొన్నిసార్లు పొరపాట్లు జరుగుతాయి. కరెంటు పోతుంది. మైకు మూగబోతుంది. నటుడు మాట మరిచిపోతే తెర పక్కన పుస్తకం పట్టుకొన్న ప్రాంప్టరు మెల్లగా అందిస్తాడు. ఆ అందించిన మాట ముందువరస పిల్లలకు కూడా వినిపిస్తుంది. పక్కకు ఒరిగిన కిరీటాన్ని సాక్షాత్తు భీష్ముడే సరిచేస్తాడు. సినిమాలో ఇలాంటివి కత్తిరించి పారేస్తారు. నాటకంలో అవి అందరి కళ్ళముందు జరిగి, అందరి కళ్ళముందే సర్దుకొంటాయి. మైకు పోయినప్పుడు నటుడు గొంతు పెంచి చివరివరస దాకా మాటను అందిస్తే, ఆ చప్పట్లు మామూలు చప్పట్లు కావు. మైకులు లేని కాలంలో, పెట్రోమాక్సు దీపాల వెలుగులో, నటులందరూ అలాగే ఆడేవారు.

సినిమాకూ నాటకానికీ ఉన్న అసలు తేడా ఇక్కడే ఉంది. తెర మీది బొమ్మకు మనం ఉన్నామో లేదో తెలియదు. హాలు నిండినా, ఖాళీగా ఉన్నా ఆ బొమ్మ ఒకేలాగా నవ్వుతుంది, ఒకేలాగా ఏడుస్తుంది. వేదిక మీది మనిషికి మనం తెలుస్తాం. మన నవ్వు వింటే అతను ఒక క్షణం ఆగి తరువాతి మాట అంటాడు. మన నిశ్శబ్దం చూసి గొంతు తగ్గిస్తాడు. మనం విసుగుతో లేచిపోతే అతని మాట తడబడుతుంది. కనుక నాటకంలో సగం వేదిక మీద ఉంటే, మిగిలిన సగం చాపల మీద కూర్చుని ఉంటుంది.

ఔత్సాహిక నాటకం నిన్నమొన్నటిది కాదు. దీనికి పెద్ద చరిత్రే ఉంది. 1880 ప్రాంతంలో ధార్వాడ నుంచి ఒక నాటక సమాజం రాజమహేంద్రవరం వచ్చి, పాక వేసి నాటకాలు ఆడింది. వారు వెళ్ళిపోయాక కందుకూరి వీరేశలింగం పంతులుగారు ఆ పాకనే ఉపయోగించుకొని, తమ విద్యార్థులతో తెలుగు నాటకాలు ఆడించారు. తెలుగులో ఆధునిక నాటక ప్రదర్శనలకు 1880లో జరిగిన ఆ ప్రయత్నమే నాంది. మొట్టమొదటి నటులు బడిపిల్లలు! ఆ ఊళ్ళోనే చిలకమర్తి లక్ష్మీనరసింహంగారు నాటక సమాజాలకోసం నాటకాలు రాశారు. తరువాతి కాలంలో ఆంధ్రకేసరిగా పేరుపొందిన టంగుటూరి ప్రకాశంగారు కుర్రతనంలో నాటకాల్లో వేషాలు వేశారు.

1892లో విజయనగరంలో జగన్నాథ విలాసినీ సభవారు గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కం నాటకాన్ని తొలిసారి ప్రదర్శించారు. ముసలివారికి పసిపిల్లలను డబ్బుకు అమ్మే దురాచారాన్ని ఆ నాటకం ఎండగట్టింది. 1929లో తెనాలిలో ఆంధ్ర నాటక కళాపరిషత్తు ఏర్పడింది. పరిషత్తులు నాటక పోటీలు నిర్వహించడంవల్ల ఎన్నో చిన్న ఊళ్ళ సమాజాలు వెలుగులోకి వచ్చాయి.

ఇతర రాష్ట్రాల్లో చదువుకొంటున్న తెలుగు పిల్లలు తప్పక గుర్తుంచుకోవలసిన ఊరు బళ్ళారి. అది నేడు కర్ణాటకలో ఉంది. అక్కడ న్యాయవాదిగా ఉన్న ధర్మవరం రామకృష్ణమాచార్యులుగారు 1886లో సరసవినోదినీ సభను స్థాపించారు. స్వయంగా నాటకాలు రాసి, ఆడి, ఆడించారు. ఆయనను ఆంధ్ర నాటక పితామహుడు అంటారు. అదే ఊళ్ళో మరో న్యాయవాది కోలాచలం శ్రీనివాసరావుగారు చారిత్రక నాటకాలు రాశారు. ఆయన సమాజం పేరు సుమనోరమ సభ. 1880లో పుట్టిన బళ్ళారి రాఘవ కూడా న్యాయవాదే. పగలు కోర్టులో వాదించి, రాత్రి వేదిక ఎక్కేవారు. స్త్రీల పాత్రలను స్త్రీలే ధరించాలని ఆయన పట్టుబట్టి, చదువుకొన్న మహిళలను రంగస్థలానికి తెచ్చారు.

అంతకుముందు స్త్రీ పాత్రలను ఎక్కువగా పురుషులే ధరించేవారు. వారిలో స్థానం నరసింహారావుగారు ప్రసిద్ధులు. సత్యభామ వేషంలో ఆయనను చూసినవారు మగవాడని నమ్మలేకపోయేవారట. 1956లో ఆయనకు పద్మశ్రీ లభించింది.

యానాంకు దగ్గరి పట్నం కాకినాడ. సుమారు 30 కిలోమీటర్ల దూరం. అక్కడి యంగ్ మెన్స్ హ్యాపీ క్లబ్ ఔత్సాహిక నాటకాలకు పెట్టింది పేరు. తరువాత సినిమాల్లో మహానటుడైన ఎస్.వి. రంగారావు ఆ క్లబ్ నాటకాల్లో వేషాలు వేశారు. ఆయన కొంతకాలం అగ్నిమాపక శాఖలో ఉద్యోగం కూడా చేశారు. నటి అంజలీదేవి, సంగీత దర్శకుడు ఆదినారాయణరావు కూడా కాకినాడ నాటకాలనుంచి వచ్చినవారే. అయితే నాటకం విలువ అందులోనుంచి సినిమాకు వెళ్ళినవారితో మాత్రమే కొలవకూడదు. ఎక్కడికీ వెళ్ళకుండా ముప్ఫై ఏళ్ళపాటు ఆ ఊళ్ళోనే వేషం కట్టిన నటుడి పేరు ఏ పుస్తకంలోనూ ఉండదు. అతనే లేకపోతే నాటకం ఆ ఊరిదాకా వచ్చేదే కాదు.

ఇంత చరిత్ర ఉన్నా, ఊరి నాటకం నేడు సుఖంగా లేదు. సినిమా వచ్చినప్పుడు కొంతమంది ప్రేక్షకులు అటు వెళ్ళారు. టెలివిజన్ వచ్చాక మరికొంతమంది ఇంట్లోనే ఉండిపోయారు. ఇప్పుడు చేతిలోని ఫోనులోనే వినోదం దొరుకుతోంది. పద్యం పాడగల నటులు వయసు మళ్ళుతున్నారు. నేర్చుకొనే కుర్రవారు తక్కువయ్యారు. హార్మోనియం వాయించేవారిని దూరపు ఊళ్ళనుంచి పిలిపించవలసి వస్తోంది.

ఔత్సాహిక సమాజం మూతపడేటప్పుడు పెద్ద చప్పుడేమీ ఉండదు. తాళం వేయడానికి దానికి తలుపులు కూడా ఉండవు. ఒక ఏడాది చందాలు సరిపోలేదని ప్రదర్శన మానుకొంటారు. మరుసటి ఏడాది కృష్ణుడి పాత్రధారికి వేరే ఊరికి బదిలీ అవుతుంది. మూడో ఏడాది ఎవరూ అడగరు. అలా ఆగిపోతుంది. కొన్నాళ్ళకు, “మన ఊళ్ళో కూడా నాటకాలు ఆడేవారు” అని పెద్దలు చెప్పుకొంటారు.

దాన్ని నిలబెట్టడానికి డబ్బొక్కటే చాలదు. చందా ఇచ్చి ఇంట్లో పడుకొన్నవారికంటే, చందా ఇవ్వలేకపోయినా చాప పట్టుకొని వచ్చి కూర్చున్నవారే నటుడికి ఎక్కువ బలం. 480 గంటలు కష్టపడిన ఆ ఆరుగురు కోరేది ఎదురుగా కూర్చుని వినే మనుషులను. ఖాళీ కుర్చీల ముందు ఒకసారి ఆడితే తట్టుకొంటారు. రెండుసార్లు ఆడితే నిరుత్సాహపడతారు. మూడోసారి ఆడమంటే ఎవరు మాత్రం ముందుకు వస్తారు?

నాటకం చూడడం కూడా ఒక కళే. తెర లేవకముందే వెళ్ళి కూర్చోవాలి. ప్రదర్శన జరుగుతుండగా మాటలాడకూడదు. నటుడు తడబడితే ఎగతాళి చేయకూడదు. మరొకసారి అతను నిలదొక్కుకొనే వ్యవధి ఇవ్వాలి. నచ్చిన చోట చప్పట్లు కొట్టాలి. బాగా నచ్చితే నాటకం అయ్యాక తెర వెనుకకు వెళ్ళి, ఏది నచ్చిందో ఒక్క ముక్క చెప్పాలి. “రాత్రి మీ పడవ సరంగును చూసి మా తాతయ్య గుర్తుకొచ్చాడండీ” అన్న మాట ఆ నటుడికి శాలువాతో సమానం. నచ్చకపోతే ఎందుకు నచ్చలేదో మర్యాదగా చెప్పవచ్చు. ఊరి నటుడు మర్నాడు వీధిలో ఎదురుపడతాడు కనుక, మెచ్చుకోలైనా, విమర్శ అయినా ముఖాముఖిగా చెప్పే అవకాశం ఇక్కడే ఉంది.

తెలుగు రాష్ట్రాలకు బయట ఉన్నవారికి ఈ కళతో మరింత అవసరం ఉంది. చెన్నైలో, బెంగుళూరులో, ముంబైలో, ఖరగ్‌పూరులో తెలుగు కుటుంబాలు వేలకొలది ఉన్నాయి. పిల్లలు బడిలో తెలుగు చదువుతారు. వీధిలో వేరే భాష మాట్లాడతారు. పుస్తకంలోని తెలుగు కంటికి తెలుస్తుంది కాని, నోటికి అలవాటు కాదు. నాటకంలో అలా కుదరదు. కోపం వచ్చినప్పుడు తెలుగులోనే కోప్పడాలి. అమ్మను బతిమాలేటప్పుడు తెలుగులోనే బతిమాలాలి. “ళ” పలకవలసిన చోట “ల” పలికితే ఎదుటి నటుడే సరిదిద్దుతాడు. నలభై రాత్రులు అలా పలికిన మాట జీవితాంతం నాలుక మీద ఉంటుంది. ఉగాదికో, సంక్రాంతికో తెలుగు సంఘంవారు ఒక నాటిక వేస్తున్నారంటే, అది ఒక రాత్రి వినోదమే కాదు, ఒక నెల భాషాభ్యాసం కూడా.

పెద్ద పందిరి, అద్దె కిరీటాలు లేకపోయినా నాటకం ఆడవచ్చు. తరగతి గదిలో రెండు బల్లలు కలిపితే వేదిక. రెండు దుప్పట్లు కుట్టి కడితే తెర. ఇంట్లో తాతయ్యనో, నాయనమ్మనో అడిగితే వారు పుట్టిన ఊరి కథ ఒకటి దొరుకుతుంది. ఆ కథను నలుగురు పిల్లలు మాటలుగా రాసుకోవచ్చు. ఒకరు ప్రాంప్టరు, ఒకరు దర్శకుడు. మిగిలిన తరగతి అంతా ప్రేక్షకులు. వారి పని కూడా చిన్నది కాదు. రాజమహేంద్రవరంలో ఆ పాకలో మొదటి తెర లేచిన రోజున వేదిక మీద నిలబడినవారు కూడా విద్యార్థులే.

మెట్టకూరులో రాత్రి రెండు దాటింది. రాయబారం విఫలమైంది, శ్రీకృష్ణుడు సభ విడిచి వెళ్ళాడు. నటులందరూ వేదిక మీదికి వచ్చి మంగళం పాడారు. పిల్లలను భుజాన వేసుకొని తల్లులు ఇళ్ళకు బయలుదేరారు. చాపలు చుట్టినవారు చుడుతున్నారు. వేదిక వెనుక కొబ్బరినూనెతో రంగు తుడుచుకొంటున్న దుర్యోధనుడిని ఎవరో అడుగుతున్నారు: “వచ్చే ఏడు కూడా ఉంటుందాండీ?”

దుకాణం తెరవడానికి అతనికి ఇంకా నాలుగు గంటలే వ్యవధి ఉంది. అయినా అతను తల ఎత్తి, “మీరు వస్తారా మరి?” అంటాడు.